రెండో చెయ్యి

చిట్టికొండ మీద తిరపతమ్మ చేతికి పేరు రావడం ఆమె యాభై తొమ్మిదో ఏట మొదలైంది. అంతకు ముందు ఆ చేతితో ఎవరికీ పనిపడలేదు. భర్త పోయిన పదకొండేళ్ళలో ఆమెను పేరంటానికి పిలిచినవాళ్ళు లేరు. పెళ్ళికి వెళ్తే వెనక వరసలో కూర్చునేది. ఎవరైనా శుభకార్యానికి బయల్దేరుతుంటే తనే ముందుగా పక్కకు తప్పుకునేది. అలాంటి మనిషి గుమ్మం ముందు, తోట పెట్టిన నెల తిరక్కుండానే, పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి నిలబడసాగారు.

"పిన్నీ, దూరంగా ఉన్నా. నా మడి కాస్త చూడవా?"

దూరంగా ఉండటమంటే ఏమిటో కొండ మీద ఆడవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. నెలలో ఆ ఐదు రోజులూ మొక్కను ముట్టుకుంటే మొక్క మాడిపోతుందని నమ్మకం. గుడికి వెళ్ళేవాళ్ళైనా, చర్చికి వెళ్ళేవాళ్ళైనా ఈ పట్టింపులో తేడా లేదు. ఇంట్లో విడిగా కూర్చోవడం ఎప్పుడో పోయింది, ఒంటి గది ఇంట్లో విడిగా ఎక్కడ కూర్చుంటారు? మొక్కల దగ్గర మాత్రం అది మిగిలిపోయింది. తిరపతమ్మకు ఆ బాధ తీరి పదేళ్ళయింది. ఆమె ఏ రోజైనా, ఏ మొక్కనైనా ముట్టుకోవచ్చు. అందుకే ఆమె చెయ్యి అందరికీ కావలసి వచ్చింది.

ఈ మడుల సంగతి చెప్పాలంటే ముందు కొండ సంగతి చెప్పాలి. బెజవాడలో కొండల మీద ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి నీళ్ళు కిందనుంచి ఎక్కాలి, గ్యాస్ బండ కిందనుంచి ఎక్కాలి, జబ్బుపడ్డ మనిషి పైనుంచి దిగాలి. కూరగాయల బండి కొండ మొదట్లోనే ఆగిపోతుంది. చిట్టికొండకు నూట డెబ్బై మెట్లు. కింద అపార్టుమెంట్లలో ఆడవాళ్ళకి రక్తం పన్నెండు ఉంటే, పైన ఉన్నవాళ్ళకి ఏడున్నర, ఎనిమిది. ఆ నూట డెబ్బై మెట్లు ఎక్కేసరికి మనిషి ఆయుష్షు పన్నెండేళ్ళు తగ్గిపోతోందని ఆశా కార్యకర్త సువార్త ఒకసారి లెక్కగట్టి చెప్పింది. విన్నవాళ్ళు నవ్వారు. నవ్వక ఏం చేస్తారు?

ఒక వానాకాలం కొండ కొంత జారితే కార్పొరేషన్ వాళ్ళు ముప్ఫై ఇళ్ళు తీయించేశారు. ఖాళీ అయిన ఆ మెట్ల నేలను చూసుకుంటూ ఒక పరిశోధనా కేంద్రం నుంచి డాక్టర్ శశిధర్ వచ్చాడు. పొడుగాటి మనిషి, బిడియస్తుడు. ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు వాళ్ళ తలల మీదుగా గోడకేసి చూసి మాట్లాడతాడు. మొదటి రోజు ఒక అద్దాల పెట్టె తెచ్చి అందరి ముందూ పెట్టాడు. అందులో మట్టి. ఆ మట్టిలో అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి అద్దం పక్కన సన్నటి తెల్లటి పోగులు, సాలెపురుగు నేస్తున్నట్టు, ఆయన వేళ్ళ వైపు పాకడం అందరికీ కనిపించింది. ముందు వరసలో ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు.

"ఏం చెయ్యదమ్మా, ఇది ఒక రకం బూజు," అన్నాడు. "చెమటలో ఉప్పులుంటాయి కదా. మీ ఒంట్లో ఏది తక్కువో ఏది ఎక్కువో ఆ ఉప్పులు చెబుతాయి. ఈ దారం అది కనిపెట్టి మొక్క వేరుకి చేరవేస్తుంది. రక్తం తక్కువున్న మనిషి మడిలో తోటకూర ఇనుము దండిగా పట్టుకుంటుంది. కిడ్నీ పాడైన మనిషి మడిలో అదే తోటకూర పొటాషియాన్ని వదిలేస్తుంది. ఎవరి మడి వాళ్ళకి మందు."

"మరి పక్కింటోళ్ళ మడిలో కూర తింటే?" అని సువార్త అడిగింది.

"వాళ్ళ మందు మీరు మింగినట్టు."

అరవై నాలుగు మడులు కట్టారు. ఒక్కో ఆడమనిషి పేరున ఒక్కో మడి. రోజూ పొద్దున పది నిమిషాలు అరచెయ్యి మట్టిలో పెట్టి కూర్చోవాలి. చెయ్యి పడితే మడి మూల ఉన్న చిన్న దీపం పచ్చగా వెలుగుతుంది. మూడు రోజులు వరసగా చెయ్యి పడకపోతే దారం చచ్చిపోతుంది, మళ్ళీ నలభై రోజులు మొదటినుంచి చెయ్యాలి. తోట గేటు దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు: ఒక మడికి ఒకటే చెయ్యి. వేరే చెయ్యి పడితే మడి రద్దు.

మూడు రోజులకే చచ్చిపోయే దారం, ఐదు రోజులు ముట్టుకోకూడని ఆడవాళ్ళు. ఈ చిక్కు శశిధర్ లెక్కలోకి రాలేదు. ఆయనకి ఎవరు చెబుతారు? కొండ మీదివాళ్ళు మాత్రం వారం రోజుల్లో దారి కనిపెట్టేశారు. దీపానికి ఎవరి చెయ్యైనా ఒకటే, తిరపతమ్మ చెయ్యి పడినా పచ్చగానే వెలిగింది. దీపం వెలిగిందంటే మడి ఒప్పుకున్నట్టేనని అందరూ అనుకున్నారు. బోర్డు మీది మాట తగాదాలు రాకుండా రాసిన మాట అనుకున్నారు.

తిరపతమ్మ సంతోషం అంతా ఇంతా కాదు. రోజుకు ఎనిమిది, పది మడులు. ఎవరిది ఎప్పుడో ఆమెకు నోటికొచ్చు. నలభై ఒకటో మడి లూర్దుమేరిది, బ్లౌజులు కుట్టే పిల్ల. ఆమె అయితే ఇంటి ముందుకొచ్చి, "పిన్నీ, నీ చెయ్యి పడితే నా కూర నాలుగు ఆకులు ఎక్కువేస్తందే," అని పొగిడేది. ఆ ఒక్క మాటకి తిరపతమ్మ రోజంతా పొంగిపోయేది. తన చెయ్యి మంచిదని ఒక మనిషి అనడం ఆమె మళ్ళీ వింటాననుకోలేదు.

ఇంట్లో మాత్రం ఆమె నియమం తప్పేది కాదు. కోడలు సత్యవేణికి ముప్ఫై నాలుగేళ్ళకే కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకుంటుంది. ఆకుకూర తినొద్దని డాక్టర్లు మూడేళ్ళ కిందటే చెప్పారు. తిరపతమ్మది దానికి సరిగ్గా ఎదురు. బీపీకి వేసుకునే, ఒంట్లో నీరు తీసే మాత్ర వల్ల ఆమె ఒంట్లోంచి పొటాషియం పోతూ ఉంటుంది, కాళ్ళు కొంకర్లు పోతుంటాయి. ఆమె మడిలో ఆకు ఆ పొటాషియాన్ని దండిగా పట్టుకుంటుందని, ఆ కూర సత్యవేణి పొరపాటున కూడా తినకూడదని ల్యాబు అమ్మాయి ప్రశాంతి ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళింది. అప్పటినుంచి ఆ ఇంట్లో రెండు గిన్నెలు, రెండు గరిటెలు, రెండు కత్తిపీటలు.

సత్యవేణి మడిలో మొదటి కోత వచ్చిన రోజు తిరపతమ్మే తోటకూర పప్పు వండింది. సత్యవేణి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమలకుండా కాసేపు అలాగే కూర్చుంది.

"ఏందే, ఉప్పు లేదా?" అంది తిరపతమ్మ.

"ఉప్పు ఎట్టాగూ లేదుగా అత్తా. కూర వాసన. మర్చేపోయా ఇది ఎట్టా ఉంటదో." సత్యవేణి ముక్కు తుడుచుకుని ఇంకో ముద్ద పెట్టుకుంది. ఆ రోజు మధ్యాహ్నం తిరపతమ్మ తోటకెళ్ళి, శశిధర్ కూర్చునే రేకుల షెడ్డు కేసి ఎవరూ చూడకుండా దణ్ణం పెట్టింది.

ఆరు నెలలు బాగా నడిచింది. ఆడవాళ్ళ రక్తం ఎనిమిది నుంచి పదికి, పదకొండుకి ఎక్కింది. మెట్లు ఎక్కుతూ మధ్యలో కూలబడేవాళ్ళు తగ్గారు. తొమ్మిది నెలలు నిండితే ప్రయోగం పూర్తవుతుంది, ఫలితం బాగుంటే తోట కొండకే శాశ్వతంగా ఇస్తారని, లేకపోతే ఆ నేలలో కార్ల పార్కింగ్ కడతారని అందరికీ తెలుసు. అందుకే చిన్న చిన్న తేడాలు ఎవరూ బయటపెట్టేవాళ్ళు కాదు. సత్యవేణికి నెలకోసారి ఒళ్ళు తేలిపోయినట్టుండేది, పెదాలు తిమ్మిరెక్కేవి. ఎండ అనుకునేవాళ్ళు.

ఏడో నెలలో ఒక పొద్దున సత్యవేణి బిందె ఎత్తబోయి, ఎత్తలేక నేల మీద కూర్చుండిపోయింది. గుండె ఒక దెబ్బ కొట్టి, ఆగి, మళ్ళీ కొడుతోంది. తిరపతమ్మ కొడుకు ఏడుకొండలు, ఇంకో ముగ్గురు కలిసి కుర్చీలో కూర్చోబెట్టి నూట డెబ్బై మెట్లూ దింపారు. ఆసుపత్రిలో చూస్తే, ఐదు దాటకూడని పొటాషియం ఆరు పాయింట్ తొమ్మిది వచ్చింది. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడు. "ఏం తిన్నావమ్మా?" అని అడిగితే సత్యవేణి నిజమే చెప్పింది. "నా మడిలో కూరేనండీ. ఇంకేం తినలా."

శశిధర్ ఆ మధ్యాహ్నమే సత్యవేణి మడిలో ఆకు కోసి పరీక్ష చేయించాడు. పొటాషియం లెక్కకు మించి ఉంది. పదిహేను రోజులకోసారి ఆకు పరీక్ష చేస్తూనే ఉన్నారు, ఎప్పుడూ ఇంత లేదు. ఆయన బెదిరిపోయాడు. కొండ మీద ఐదుగురు కిడ్నీ మనుషులున్నారు, వాళ్ళెవరూ తన మాట వచ్చేదాకా కూర ముట్టుకోవద్దన్నాడు. మడి మట్టిలో గుచ్చిన సెన్సరు పుల్లలు రోజూ నమోదు చేసిన లెక్కలన్నీ తీసి, వారం తర్వాత ఆడవాళ్ళని షెడ్డుకి పిలిచాడు.

గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. ఒక గీత. నేల మీద పాకే పాములాగా లేచి, పడి, మళ్ళీ లేచి, పడి సాగింది.

"ఇది సత్యవేణమ్మ మడి. చూడండి, దాదాపు ఇరవై ఎనిమిది రోజులకోసారి పొటాషియం లేస్తోంది. నాలుగైదు రోజులు ఎక్కువుంటుంది, తర్వాత దిగుతుంది. ఇది లూర్దుమేరిగారి మడి. ఇక్కడా అంతే. ముందు నేను చంద్రుడి ప్రభావమేమో అనుకున్నా." ఆయన గోడకేసి చూస్తూ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అమావాస్యకీ పౌర్ణమికీ సరిపోవడం లేదు. ఒక్కో మడికి ఒక్కో తేదీ. నెలకోసారి, ఒక్కో మడిలో ఒక్కో రోజున. ఏమై ఉంటుందో నా బుర్రకి అందడం లేదు. మీకేమైనా తోస్తే చెప్పండి."

షెడ్డులో యాభై మందికి పైగా ఆడవాళ్ళున్నారు. ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పక్కవాళ్ళకి అంటుకుంది. మొగాడు అంత చదువు చదివి, గోడంత బొమ్మ గీసి, నెలకోసారి ఏమొస్తుందో తెలియక తల పట్టుకుంటే నవ్వు రాదా మరి? సంగతిలో అందరికీ అందింది ఆ సగమే. నెలసరికి ఒంట్లో వేడి ఎక్కుతుంది, అదేదో మట్టికి తగిలి ఉంటుందని వాళ్ళు అనుకున్నారు.

తిరపతమ్మకి నవ్వు రాలేదు. గీత లేచిన ప్రతిచోటా ఉన్న తేదీ ఆమెకు తెలుసు. సత్యవేణి ఆగస్టు ఏడున దూరమైంది, సెప్టెంబరు నాలుగున దూరమైంది. ఆ రోజుల్లో ఆ మట్టిలో పడింది తన చెయ్యి. తన ఒంటికి ఏది కావాలో ఆ చెయ్యి చెప్పింది, దారం విన్నది. ఇంట్లో రెండు గిన్నెలు పెట్టి, గరిటె గరిటెకి తాకకుండా వండి, తోటలో తన చేత్తోనే కోడలి మడిలో విషం పోసింది. షెడ్డు గుంజ పట్టుకుని కూర్చుంది.

చెప్పాలనే అనుకుంది. నాలుక దాకా వచ్చింది. ఆ మాట మొగాడి ముందు, అంతమందిలో ఎట్టా చెప్పడం? అదొక్కటే అయితే తెగించేదేమో. గేటు దగ్గర బోర్డు గుర్తొచ్చింది. వేరే చెయ్యి పడితే మడి రద్దు. అరవై నాలుగు మడుల్లో తన చెయ్యి పడనివి ఎన్ని? వేళ్ళ మీద లెక్కపెడితే పదికి మించలేదు. నోరు విప్పితే తోటే రద్దు. ప్రయోగం పూర్తవడానికి ఇంకా రెండు నెలలు కూడా లేవు.

ల్యాబు అమ్మాయి ప్రశాంతికి మాత్రం అనుమానం వచ్చింది. మర్నాడు ఒక్కతే తిరపతమ్మ ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది.

"పెద్దమ్మా, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. మా అమ్మమ్మ ఆ టైములో మల్లెచెట్టు ముట్టుకోనిచ్చేది కాదు. ఇక్కడ కూడా అట్టాంటివి ఏమైనా... ఆ రోజుల్లో మడుల్లో ఇంకెవరైనా చెయ్యి పెడుతున్నారా?"

పిల్ల కళ్ళల్లోకి చూస్తే నిజం వచ్చేస్తుందని తిరపతమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు తల వంచుకుంది.

"ఏ కాలంలో ఉన్నావే అమ్మా? కొండ మీదోళ్ళమని మమ్మల్ని మరీ అంత తక్కువ చేశావా? ఎవరి మడిలో వాళ్ళే పెట్టుకుంటన్నారు. కావాలంటే ఎవర్నైనా అడుగు."

ప్రశాంతి సిగ్గుపడిపోయింది. తప్పుగా అనుకోవద్దని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. శశిధర్ ఇక మిగిలిన దారి నీళ్ళే అనుకున్నాడు. ట్యాంకరు నీళ్ళు ఒక్కో రోజు ఒక్కో వరసకి మళ్ళుతాయి కాబట్టి తేదీలు మారుతున్నాయని తేల్చి, తొట్టికి వడపోత యంత్రం బిగించాడు. పది రోజుల తర్వాత ఐదు మడుల్లోనూ ఆకు పరీక్ష చేస్తే శుభ్రంగా వచ్చింది. ఎవరి రోజులూ కాని రోజున పరీక్ష చేస్తే శుభ్రంగా రాక ఏమవుతుంది? తినొచ్చునన్నాడు.

సత్యవేణికి మళ్ళీ ఆ రోజులు దగ్గరపడుతుంటే తిరపతమ్మ ఆమెను పెరట్లోకి పిలిచి, అంతా చెప్పేసింది. సత్యవేణి చాలాసేపు అత్తగారి చెయ్యి కేసి చూసింది.

"నీ మడిలో నీ చెయ్యే పెట్టుకో ఇక. ఏ రోజైనా," అంది తిరపతమ్మ.

"మాడిపోతే?"

"మాడితే మాడనీ. నువ్వు బతుకు."

దూరమైన రెండో రోజు సత్యవేణి తెల్లారకముందే వెళ్ళి మడిలో చెయ్యి పెట్టింది. మర్నాడు చూస్తే ఒక్క ఆకు కూడా వాడలేదు. ఐదో రోజున ప్రశాంతి చేత, నలతగా ఉందని సాకు చెప్పి, ఆకు పరీక్ష చేయించుకుంది. పొటాషియం పెరగలేదు. సత్యవేణి పరుగున ఇంటికొచ్చి నవ్వుతూ ఏడ్చింది. తిరపతమ్మ కూడా ఏడ్చింది.

"మరి లూర్దుకి చెబుదామా అత్తా? ఆమెది కూడా నా జబ్బేగా," అంది సత్యవేణి.

మిగతా ముగ్గురు కిడ్నీ మనుషులూ తిరపతమ్మ ఈడువాళ్ళే, వాళ్ళకి రెండో చెయ్యి అక్కర్లేదు. మిగిలింది లూర్దు. తిరపతమ్మ ఆలోచించింది. లూర్దు నోట్లో ఆవగింజ నానదు. పొద్దున చెబితే మధ్యాహ్నానికి షెడ్డుకి చేరుతుంది.

"చెబుతాలే. సమయం చూసి నేనే చెబుతా. నువ్వు నోరు మెదపమాక."

వారం తిరిగేసరికి లూర్దు గుమ్మం ముందుకొచ్చింది. మెడలో టేపు, నోట్లో సూది. సూది తీసి, "పిన్నీ, దూరంగా ఉన్నా," అంది.

"నా చెయ్యి నెప్పిగా ఉందే. ఈసారికి నువ్వే పెట్టుకో."

"నేనా? మాయమ్మే! మడి మాడిపోతే మా ఆయన జోజి నన్ను చంపేస్తాడు. పదినిమిషాలేగా పిన్నీ. ఆదివారం చర్చిలో పిల్లది మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకుంటంది, చుట్టాలొస్తారు. నా మడిలో కూర నేనే వండుకు తింటా, వాళ్ళతో పాటు నేనూ ఇంత తింటా. నీ చెయ్యి పడితేనే దానికి ఏపు."

ఇప్పుడు చెప్పాలి. ఒక్క మాట. సత్యవేణి లోపలి గదిలోంచి వింటోంది, ఆ సంగతి తిరపతమ్మకి తెలుసు. తోట గురించి ఆలోచించానని ఆమె తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. నిజమేమిటంటే, ఎదురుగా నిలబడ్డ పిల్ల తన చెయ్యి కోసం బతిమాలుతోంది, ఆ చెయ్యి చెడ్డదని ఆ పిల్లతో చెప్పడం ఆమె వల్ల కాలేదు. ఒక్కసారికి ఏం కాదులే అనుకుంది. లేచి వెళ్ళి నలభై ఒకటో మడిలో ఐదు రోజులు చెయ్యి పెట్టింది. రోజూ పచ్చగా వెలిగింది దీపం.

ఆదివారం లూర్దు ఇంటి ముందు షామియానా వేశారు. తెల్లగౌనులో పిల్ల మెట్లంతా ఎక్కిదిగి అందరికీ చాక్లెట్లు పంచింది. సోమవారం పదకొండు గంటలకి లూర్దు మిషను మీదే ఒరిగిపోయింది. సగం కుట్టిన బ్లౌజు చెయ్యి సూది కిందే ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి దింపుతుంటే అరవయ్యో మెట్టు దగ్గర ప్రాణం పోయింది.

ఎవరూ ఏమీ అనుమానించలేదు. కిడ్నీ మనిషి, ఎన్నాళ్ళుంటుంది అన్నారు. వడపోత యంత్రం బిగించాక నీళ్ళు శుభ్రమయ్యాయి గదా, పండగ పూట ఏవో తిని ఉంటుందన్నారు. చెయ్యి పడని మడి మూడో రోజుకి దానంతటదే చచ్చిపోయింది, పరీక్ష చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. శశిధర్ సమాధుల దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచి, ఒక పక్కగా నిలబడ్డాడు. లూర్దు భర్త జోజి పెయింటరు. పిల్లని భుజానేసుకుని గుప్పెడు మట్టి వేశాడు.

ఆ రోజునుంచి సత్యవేణి తన మడిలో కూర కోయడం మానేసింది. ఆకు ముదిరి, పూతకొచ్చి, కంకులు వేసింది. "కోసుకోవే, నీకు మంచిదేగా," అని తిరపతమ్మ అంటే ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయేది. చప్పిడి అన్నం, ఉడికించి నీళ్ళు పారబోసిన సొరకాయ ముక్కలు తినేది. కోడలు తిట్టినా బాగుండు అనిపించేది తిరపతమ్మకి.

పొద్దున్నే ఇంకా వస్తూనే ఉన్నారు ఆడవాళ్ళు. చెయ్యి నెప్పి అని ఆమె ఎవరికీ వెళ్ళలేదు. కొందరు మడులు చంపుకున్నారు. కొందరు తెగించి తమ చెయ్యే పెట్టుకుని, ఏమీ మాడకపోయేసరికి ఆశ్చర్యపోయారు, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

తొమ్మిది నెలలు నిండాయి. తోటలో కుర్చీలు వేశారు. కార్పొరేషన్ నుంచి ఒక పెద్దావిడ, పరిశోధనా కేంద్రం నుంచి నలుగురు వచ్చారు. శశిధర్ ఈసారి గోడకేసి చూడకుండా, కాగితంలోకి చూస్తూ చదివాడు. రక్తం సగటున ఎనిమిది నుంచి పదకొండున్నర. ఆసుపత్రి పాలైనవాళ్ళు సగానికి సగం తగ్గారు. తోట చిట్టికొండకే ఉంటుంది. చప్పట్లు మోగాయి. సువార్త ఏడ్చేసింది. వచ్చే నెలనుంచి ఇంకో పద్నాలుగు కొండల మీద తొమ్మిది వందల మడులు కడతామని, వాటిలో ముప్ఫై ఏడు కిడ్నీ రోగులవని శశిధర్ చదివాడు.

"నెలనెలా లేచిన ఆ గీత సంగతి తేలింది. నీటి లోపం. సరిచేశాం," అని కాగితం మడిచాడు. "ఎవరైనా ఏమైనా చెప్పాలా అమ్మా?"

ముప్ఫై ఏడు. తిరపతమ్మ పక్కన కూర్చున్న సత్యవేణి తల ఎత్తి అత్తగారికేసి చూసింది. లూర్దు పోయాక ఆమె అలా చూడటం అదే మొదలు. ఆ పద్నాలుగు కొండల మీదా ఆడవాళ్ళే, అక్కడా ఐదు రోజులే, అక్కడా ముట్లుడిగి ఖాళీగా ఉన్న ముసలమ్మ ఎవరో ఒకరు ఉంటుంది. మంచి చెయ్యి అంటారు ఆమెని కూడా.

తిరపతమ్మ లేచి నిలబడింది.

"నీళ్ళది కాదు బాబూ తప్పు. నాది."

"కూచో పిన్నీ," అని వెనకనుంచి ఎవరో గుసగుసలాడారు.

ఆమె కూర్చోలేదు. నెలసరి అనే మాట పదిమంది మొగాళ్ళ ముందు, మైకు లేకపోయినా చివరి వరసకి వినిపించేలా అంది. ఎందుకు ముట్టుకోరో, ఎన్నాళ్ళు ముట్టుకోరో, ఎవరు వచ్చి అడిగేవాళ్ళో, తను ఎన్ని మడుల్లో చెయ్యి పెట్టిందో చెప్పింది. తన ఒంట్లో ఏది తక్కువో, అది సత్యవేణి మడికి ఎలా చేరిందో చెప్పింది. లూర్దు మడికి ఎలా చేరిందో కూడా చెప్పింది.

శశిధర్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "ఐదు రోజులు... ఆ ఐదు రోజుల్లోనే అంత మారిందా?" అన్నాడు తనలో తాను. కాసేపటికి, "ఎవరి కొరత పెద్దదైతే దారం వాళ్ళ మాటే వింటుంది. నేనే రాశాను ఆ మాట," అన్నాడు.

"ప్రశాంతి మిమ్మల్ని అడిగింది కదమ్మా?" అన్నాడు మళ్ళీ.

"అడిగింది. అబద్ధం చెప్పా. ఆ పిల్ల తప్పేం లేదు."

అప్పుడు లేచారు ఆడవాళ్ళు. ఒక్కొక్కరూ కాదు, ఒక్కసారే. పిలిచింది మేమేనండీ అని ఒకరు, బోర్డు సంగతి మాకూ తెలుసునని ఒకరు, ఆమె తెలీక చేసిందమ్మా, ఆమెనేమీ అనమాకండి అని ఇంకొకరు. సువార్త వచ్చి తిరపతమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసింది. కార్పొరేషన్ పెద్దావిడ పక్కనున్నవాళ్ళతో మెల్లగా మాట్లాడుతోంది. పద్నాలుగు కొండల పని ఆపాలన్న మాట వినిపించింది. ఈ తోట రద్దు చెయ్యాలా వద్దా అన్న మాటా వినిపించింది. ఏది ఏమైనా బరువు దిగిందనిపించింది తిరపతమ్మకి. తెలీక చేసింది అన్న మాట చల్లగా తగిలింది ఒంటికి.

జోజి వెనక వరసలోంచి ముందుకొచ్చాడు. చేతుల మీద ఇంకా పెయింటు మరకలున్నాయి. పిల్ల అతని చొక్కా అంచు పట్టుకుని ఉంది.

"నాకు కోపం లేదు పిన్నీ. లూర్దూ నిన్నే అడిగింది, నాకు తెలుసు," అన్నాడు. "ఒకటే చెప్పు. ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

ఇవాళేనని చెప్పొచ్చు. మొన్న ఆలోచిస్తుంటే తోచిందని చెప్పొచ్చు. సువార్త చెయ్యి భుజం మీద వెచ్చగా ఉంది, అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు, అనేస్తే నమ్మేస్తారు. సత్యవేణి ఏమీ అనదు, బతికున్నన్నాళ్ళూ అనదు.

"గోడ మీద బొమ్మ ఏసిన రోజే తెలిసింది. సత్యవేణికి చెప్పా, నీ చెయ్యే పెట్టుకోమని," అంది తిరపతమ్మ. "ఆ తర్వాత వారానికి లూర్దు వచ్చింది."

జోజి చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. వంగి పిల్లని ఎత్తుకుని, కుర్చీల మధ్యనుంచి మెట్ల వైపు నడిచాడు. సువార్త భుజం మీదనుంచి చెయ్యి తీసి, ఏదో సర్దుకోవాల్సి ఉన్నట్టు తన వరసకి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. తిరపతమ్మ అలాగే నిలబడి ఉంది. ఆమెను కూర్చోమని ఈసారి ఎవరూ అనలేదు.